చప్పుడు లేని బండి

ఆ బండికి చప్పుడుండదు. బ్యాటరీతో నడుస్తుంది. ముందు సీటు మీద ఏబెల్, వెనక చెక్క మీద బ్రేకు బ్లాకుల మధ్య రత్నం. రైల్వే కార్ఖానాలో చక్రాల షాపు దాటి పెట్టెల షాపులోకి బండి తిరిగింది. పైకప్పు అద్దాల్లోంచి ఎండ పలకలుగా దిగుతోంది. ఒక పలకలోకి వెళ్తే రత్నానికి తన చేతులు కనబడతాయి, దాటగానే మసకబారతాయి. రెండు పక్కలా చక్రాలు తీసేసిన రైలు పెట్టెలు దిమ్మల మీద నిలబడి ఉన్నాయి. వాటి కిటికీలు వెనక్కి పోతుంటే, పెట్టెలు కదలకుండా తనే ఎక్కడికో ప్రయాణమై పోతున్నట్టు ఆమెకు రోజూ అనిపిస్తుంది. ఇవాళ మాత్రం ఆమె చూపు ఏబెల్ కుడికాలి మీద ఉంది. ఆ కాలు ఎప్పుడు నొక్కుతోందో, ఎప్పుడు తీస్తోందో వెనకనుంచి తెలియదు.

ఇవాళ ఏబెల్‌కి ఆఖరి రోజు. రేపటినుంచి ఈ బండి రత్నం నడపాలి. ఆమెకు నడపడం రాదు. ఆ సంగతి షాపులో ఎవరికీ తెలియదు.

బండి నడపగలవా అని ఫోర్‌మన్ విశ్వనాథ్ అడిగినప్పుడు ఆమె తల ఊపింది. అప్పటికి ఆమె పెట్టెలు కడిగే చోట పనిచేసేది. రోజంతా తడిలో నిలబడితే కాలివేళ్ల మధ్య చర్మం ఒరిసిపోయేది. తల ఊపినందుకు ఆ తడి తప్పి, ఏబెల్ వెనక సరుకు ఎత్తి దించే పని వచ్చింది. అబద్ధమని తెలిస్తే మళ్లీ అక్కడికే.

తల ఊపడం ఆమెకు నూకరాజు నేర్పాడు. ఆమె భర్త. ఇక్కడే ఫిట్టరుగా చేసేవాడు. నలుగురు నాలుగు భాషలు మాట్లాడే ఊళ్లో తెలీదని మాత్రం అనకూడదని, అంటే నెత్తికెక్కుతారని చెప్పేవాడు. బెంగాలీలో ఏమన్నా, ఇంగ్లీషులో ఏమన్నా ‘ఠీక్ హై’ అని తల ఊపేవాడు. కడుపునొప్పికి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడూ అలాగే ఊపాడు. బయటికొచ్చాక డాక్టరు ఏం చెప్పాడని రత్నం అడిగితే, ఏమీ లేదన్నాడు. ఆ డాక్టరు ఏం చెప్పాడో ఆమెకు ఈ రోజుకీ తెలియదు. నూకరాజు పోయాక ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు.

ఏబెల్ దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మనిషి. తెలియనిది కనబడితే బండి ఆపుతాడు. టీకొట్టు దీదీని పట్టుకుని బోర్డు మీది బెంగాలీ అక్షరాలు ఒక్కొక్కటే అడిగి నేర్చుకున్నాడు. ఫోనులో ఫొటో పంపడం రత్నం కూతురు శ్రావణి దగ్గర నేర్చుకున్నాడు. మూడోసారి అడిగినప్పుడు ఆ పిల్ల విసుక్కుంది. నాలుగోసారీ అడిగాడు. భార్య పోయిన నెలలో, అన్నం తినే చోట అందరూ వింటుండగా, చారుకి ముందు పోపా, ముందు చింతపండా అని రత్నాన్ని అడిగాడు. నవ్వారు. రత్నం తల దించుకుంది, ఆయన తరఫున సిగ్గుపడి. మర్నాడు ఆయన డబ్బా మూత తీస్తే చారు వాసన వచ్చింది. ఆ రోజునుంచి ఆమెకు సిగ్గు పోయి, ఆ చోటులోకి ఇంకేదో వచ్చింది. అసూయ కావచ్చు.

మధ్యాహ్నం వెల్డరు సుందర్ రాజు ఊరుకోలేదు.

“దాదా, రిటైరైపోయి ఏ క్లాసులో సేరతావేటి?”

“నీ మనవడి క్లాసులోనే,” అన్నాడు ఏబెల్, ముద్ద కలుపుతూ. “ఆడైతే నీకు మల్లే ఎక్కిరించడు.”

అన్నాలయ్యాక మళ్లీ బండెక్కారు. స్ప్రింగులు దించడం, రెక్సిన్ చుట్టలు ఎక్కించడం. ఎండ పలకలు నేలమీద జరిగి గోడ పక్కకు వెళ్లాయి. ఒకచోట తలుపుల్లేని పెట్టెలో ఎవరో నిలబడి తనకేసి చూసి తల ఊపినట్టు రత్నానికి అనిపించింది. బండి దగ్గరకు వెళ్లేసరికి అది వేలాడదీసిన ఖాకీ చొక్కా. గాలికి దాని మెడ కదులుతోంది.

“బాబాయ్,” అంది రత్నం. “బండాపు.”

ఏబెల్ ఆపాడు.

“నాకు రాదు.”

“ఏటి రాదు?”

“ఈ బండి. వచ్చని సెప్పినాను. రాదు.”

ఏబెల్ వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. తర్వాత గేటు వైపు చూశాడు, పని ముగిసే సైరన్‌కి ఇంకా పొద్దుందా అన్నట్టు. దిగి, సీటు చేత్తో దులిపాడు.

“దా, కూకో. నాకూ రాదు గదా ముందు. అప్పుడీ బండి నడిపే కుర్రోడు సాయికుమార్‌ని అడిగినాను. మూతిమీద మీసం కూడా నేదు ఆడికి.” ఆమె కాలు పెడల్ మీద పెట్టించాడు. “నొక్కితే ఎల్తాది. బయమేస్తే కాలు తీసెయ్. అదే ఆగిపోద్ది. ఇంకేటీ నేదు.”

ఇంకా చాలా ఉంది. మలుపులో బండి గోడమీదికి పోయింది. రెక్సిన్ చుట్ట దొర్లింది. వెనక్కి ఎలా తీయాలని ఆమె అడిగింది. మళ్లీ అడిగింది. ఏబెల్ పక్కన నడుస్తూ చెబుతున్నాడు. పెట్టెల వరసలో వాళ్లిద్దరినీ చూసి కొందరు పని ఆపారు. ఆ వరస చివర విశ్వనాథ్ నిలబడి ఉన్నాడు. రత్నం కాలు తీసేసింది. బండి ఆయన బూట్ల ముందు ఆగింది.

“నడపడం వచ్చన్నావు కదమ్మా?”

ఆమె తల కదలబోయింది. మెడ బిగబట్టుకుంది.

“అప్పుడు రాదండి సార్. బయపడి వచ్చని సెప్పినాను. ఇప్పుడు నేర్సుకుంతన్నాను.”

విశ్వనాథ్ గోడకేసి చూశాడు. బండి గీసిన గీత అక్కడుంది. ఏబెల్ కేసి చూశాడు.

“రేపు నా ముందు నడుపు. చూసి చెబుతాను,” అని విశ్వనాథ్ వెళ్లిపోయాడు.

సైరన్ వేళ వరకూ ఆమె నడిపింది. చివరి వరసలో ఏబెల్ నడవడం మానేసి వెనక చెక్క మీద, రత్నం రోజూ కూర్చునే చోట కూర్చున్నాడు. కిటికీలు వెనక్కి పోవడం చూశాడు. ఇక్కడనుంచి చూస్తే వేరేగా ఉందే అన్నాడు ఒకసారి.

సైరన్ మోగింది. షాపులో ఏబెల్‌కి బంతిపూల దండ వేశారు, మిఠాయి పెట్టారు. మాట్లాడమంటే ఏబెల్ ఏం మాట్లాడాలో తెలియదని, చెబితే మాట్లాడతానని అన్నాడు. నవ్వారు. దండ సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని గేటు దాటాడు. తాల్‌బగీచా పేట వైపు పోయే సైకిళ్ల మందలో కాసేపు ఆ పసుపు కనబడింది, తర్వాత సైకిళ్లే కనబడ్డాయి.

బండిని ఛార్జింగ్‌కి పెట్టడానికి రత్నం వెనక్కి వచ్చింది. సీటు మీద ఏబెల్ వేసుకునే గోనెపట్టా ఉంది, నాలుగు మడతలు వేసి, మధ్యలో ఆయన కూర్చున్నంత మేర పల్లం పడి.