నా పేరున మోసిన కడుపు

నా తోడికోడలు డెల్ఫీనా ఆరో నెల దాకా నా పేరు చెప్పి, నా కార్డు మీదే డాక్టరుకి చూపించుకుంది. ఇంకేం దారుంది? కాగితాలు సరిగ్గా ఉన్నా సరే, మాలాగా ఈ దేశంలోకి కొత్తగా వలస వచ్చినవాళ్లకి ఐదేళ్ల దాకా సర్కారు వైద్యం కార్డు ఇవ్వకూడదని చట్టం మార్చేశారు. కడుపు ఐదేళ్లు ఆగుతుందా? నేను ఆ చట్టానికి ముందే వచ్చినదాన్ని కనుక నాకూ పిల్లలకూ కార్డుంది. మా చిన్నాడి ఉబ్బసం మందులు దానిమీదే వస్తాయి. కోళ్ల ఫ్యాక్టరీలో నా పక్కన పనిచేసే రెఫుహియో, "కడుపు దానిది, వేవిళ్లు నీవా?" అని ఏడిపించేది.

బీపీ ఎక్కువని డెల్ఫీనాకు మాత్రలిచ్చారు. ఇంతలో ఎవరు నూరిపోశారో గానీ, కాన్పు ఎవరి పేరున జరిగితే బిడ్డ వాళ్లదేనన్న భయం దాని బుర్రలో దూరింది. డాక్టరు దగ్గరకు వెళ్లడం మానేసింది. నాకు ఒళ్లు మండి, నీ బిడ్డ నాకెందుకే, ఉన్న ముగ్గురితోనే వేగలేక చస్తున్నానని తిట్టాను. వినలేదు. మాత్రలు అయిపోయాయి, కాళ్లు వాచాయి.

ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తూ తల పగిలిపోతోందంది. ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడ తన పేరే చెప్పుకుంది. చెప్పిన కాసేపటికే ఫిట్స్ వచ్చాయి.

ఆ పేరున అక్కడి రికార్డుల్లో ఒక్క ముక్క లేదు. మూర్ఛ జబ్బుందా, ఏ మందులు వాడింది అని మా భాష తెలిసిన నర్సు నన్ను కుదిపేస్తోంది. బీపీ ఉందన్నాను. ఏ మాత్ర అంది. తెల్లటిది, చిన్నది. అంతకుమించి నాకేం తెలుసు? ఇంట్లో ఉన్న చిన్నాడి ఎగరొప్పు నా చెవుల్లో వినబడుతోంది.

"ఓరాలియా అన్న పేరున చూడమ్మా. ఆ కడుపు దీనిదే. ఓరాలియాని నేను."

నర్సు గొంతు తగ్గించింది. "ఇది నేను రాయాల్సి వస్తుంది. నీ కార్డు పోతుంది, తెలుసా?"

"తెలుసు. ముందు దాన్ని బతికించండి."

కోసి తీశారు. ఆడపిల్ల, పిడికెడంత. గాజుపెట్టెలో పెట్టారు. నిలబడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

డెల్ఫీనాకు తెలివి రాగానే అడిగిన మొదటి మాట, "అక్కా, ఎవరి పేరున రాశారు?"

"నీ పేరునేనే, పిచ్చిమొహమా," అన్నాను. కార్డు సంగతి చెప్పలేదు. ఇంటికి వెళ్లి చిన్నాడి మందు సీసా ఎత్తి చూశాను. అడుగున కొంచెం ఉంది.