ప్రపంచంలో ఏడో ఊరు

ఆ క్రిప్టో నాణేన్ని ఏ బ్యాంకూ అచ్చు వేయదు. దేశదేశాల్లో ఎవరికి వాళ్ళు ఇంట్లో ఒక కంప్యూటర్ పెట్టుకుంటారు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నంత కాలం నాణెం బతుకుతుంది. అలాంటివి మొత్తం ఎన్ని, ఏ ఊళ్ళో ఎన్ని అని తేల్చడం ఆమె ఉద్యోగం. పరిశోధన సంస్థలో అందరూ ఆమెను లెక్కలమ్మ అంటారు.

ఆమె రాసిన ప్రోగ్రాం అద్దిల్లు వెతికేవాడిలా తిరుగుతుంది. ఒక కంప్యూటర్‌ను పలకరించి, నీకు తెలిసినవాళ్ళెవరని అడుగుతుంది. వాళ్ళ తలుపు తట్టి మళ్ళీ అదే అడుగుతుంది. రెండు నెలలు తిరిగాక పటం తయారైంది. ఆమె సొంత ఊరు రెండువందల పద్నాలుగు కంప్యూటర్లతో ప్రపంచంలో ఏడో స్థానంలో ఉంది.

"చూశావా తల్లీ! పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాం," అన్నాడు డైరెక్టర్. శుక్రవారం నిధులిచ్చేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు పొడిగించకపోతే నెలాఖరుకి లెక్కలమ్మ ఇంటికి వెళ్ళాల్సిందే. డైరెక్టర్ అప్పుడే 'ప్రపంచంలో ఏడో ఊరు' అని బ్యానర్ రాయించాడు.

ఆ రెండువందల మందిలో ఒక్కరినైనా చూద్దామని ఆమె కంప్యూటర్ షాపులన్నీ తిరిగింది. ఎవరూ తెలియదన్నారు. అంకెలు మళ్ళీ తిరగేస్తే ఒక సంగతి బయటపడింది. ఊళ్ళో ఏ రెండూ ఒకేసారి పనిచేయలేదు. ఒకటి కన్నుమూశాకే ఇంకొకటి పుడుతోంది.

"వంతులేసుకున్నారేమో. మన ఊరివాళ్ళకి క్రమశిక్షణ ఎక్కువ," అన్నాడు డైరెక్టర్, పదకొండున్నరకి ఆఫీసులో అడుగుపెడుతూ.

బుధవారం ఆమె ఇంట్లో కూర్చుని పని చేసుకుంటుండగా నెట్ పోయింది. "అయ్యో!" అని అరిచింది. కాసేపటికి వచ్చింది. తెరమీద ఊళ్ళో పాత కంప్యూటర్ మాయమై రెండువందల పదిహేనోది పుట్టింది.

ఆమె హాల్లోకి వచ్చింది. అత్తగారు నెట్ పెట్టె స్విచ్ దగ్గర నిలబడి ఉంది.

"అత్తయ్యా, ఇప్పుడు దీన్ని ఆపారా?"

"ఎవరూ వాడట్లేదు కదా అని ఆపా. ఊరికే ఆ లైట్లు మిణుకుమిణుకుమంటుంటే నాకు ప్రాణం ఒప్పదు."

"నేను లోపల పని చేసుకుంటున్నాగా!"

"తలుపేసుకుంటే పడుకున్నావనుకున్నా. అరిచావుగా, పెట్టేశాగా."

"ఇంకోసారి ఆపండి."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. "వెటకారమా, నిజమా?"

"నిజమే అత్తయ్యా."

ఆపింది, పెట్టింది. రెండువందల పదహారోది పుట్టింది.

ఆ పెట్టె ఆగి మళ్ళీ మొదలైన ప్రతిసారీ నెట్ కంపెనీ ఇంటికి నెట్‌లో కొత్త అడ్రసు ఇస్తోంది. ప్రోగ్రాం అడ్రసులు లెక్కపెట్టి కంప్యూటర్లనుకుంటోంది. మరి అసలు కంప్యూటర్ ఏది? సాయంత్రం మొగుణ్ణి నిలదీసింది.

"పాత ల్యాప్‌టాప్ బీరువా మీద పడుందిగా," అన్నాడతను. "నీ లెక్కకి ఒకటి కలుస్తుందని దాన్ని ఆ నాణెం పనికి పెట్టా. చెప్పి పెడితే మజా ఏముంది?"

"ఒకటి కలిపుంటే దణ్ణం పెట్టేదాన్ని. రెండువందల పదహారు కలిపారు!"

"చేసిన ఒక్క పనీ ఇంత బాగా చేశానన్నమాట."

గురువారం డైరెక్టర్‌కి చెప్పింది.

"ఒకటా? అదీ మీ బీరువా మీదా?" ఆయన బ్యానర్ వైపు చూశాడు. "శనివారం కనిపెట్టకూడదా తల్లీ?"

"మిగతా ఊళ్ళ లెక్కా ఇంతే ఉంటుంది సార్. రేపు వాళ్ళలో ఎవరైనా అడిగితే?"

ఆ రోజంతా ఆమె ఒకే సమయానికి బదులు పలికినవాటినే మళ్ళీ లెక్కించింది. ప్రపంచం మొత్తం సగానికి పడిపోయింది. శుక్రవారం ఆ అంకెనే చదివింది. బీరువా సంగతీ చెప్పింది. డైరెక్టర్ కళ్ళు మూసుకున్నాడు.

నిధులవాళ్ళకి పెద్దగా వచ్చినావిడ అడిగింది. "మీ అత్తగారు ఎప్పుడెప్పుడు ఆపుతారు?"

"ఎవరూ వాడట్లేదని ఆవిడకి అనిపించినప్పుడల్లా."

"మావారూ అంతే," అందావిడ. "ఏడాది పొడిగిస్తున్నాం. నిజం ముందే తెలిసిన ఇల్లు మీకు ఒకటి దొరికింది. ఒక కంప్యూటర్ నెలకి ఎన్నిగా కనబడుతుందో అక్కడ కొలిచి, మిగతా ఊళ్ళ లెక్క సరిచేయండి. ఒకటే షరతు. ఇంట్లో అంతా ఎప్పటిలాగే జరగాలి."

లెక్కలమ్మ ఇంటికి పరిగెత్తుకొచ్చింది. "అత్తయ్యా, మీ చలవ వల్ల ఉద్యోగం నిలబడింది. ఎప్పటిలాగే ఆపుతూ ఉండండి."

"దాని మీద నీ ఉద్యోగం ఆధారపడి ఉందా?" అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయితే చచ్చినా ముట్టను. ఏమైనా తేడా వస్తే నా ప్రాణం మీదకొస్తుంది."

అన్నట్టే ముట్టలేదు. నెల సగం గడిచినా ఊళ్ళో కొత్తది ఒక్కటీ పుట్టలేదు. మొగుడూ పెళ్ళాలూ కూడబలుక్కున్నారు. భోజనాల దగ్గర అతను గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఈసారి కరెంటు బిల్లు చూశావా?"

"చూశానురా," అంది అత్తగారు. "అందుకే మీ గదిలో ఏసీ తీగ పీకేసి వచ్చా. ఆ పెట్టె జోలికి మాత్రం పోను. అది కోడలి అన్నం."