అరూకె కాళ్ళ తాడు

ఏడాదిన్నర నిండినా అరూకె సొంతంగా అడుగు వేయలేదు. ఉయ్యాల తొట్టెలో ఉన్నప్పటి నుంచీ పిడికిళ్ళతో కళ్ళు పొడుచుకునేది. తల్లి బెగాయిమ్ ఎదురుగా వంగినా చూపు ఎటో తిరిగేది. దిష్టి అన్నారు, పొగ వేశారు. చివరికి రాజధాని బిష్కెక్‌లో కళ్ళ డాక్టరు చూసి, కంటి వెనక రెటీనా పుట్టుకతోనే పనిచేయడం లేదన్నాడు. ఆ జబ్బు తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉండి బిడ్డకు చేరిందట. అప్పటి నుంచి బెగాయిమ్‌కు ఒకటే బెంగ, తన బిడ్డ జన్మంతా కూర్చున్న చోటే ఉండిపోతుందేమోనని.

అత్తగారు సైకాల్ బెంగ పెట్టుకునే రకం కాదు. ఉన్ని తొక్కి కంబళ్ళు చేసే మనిషి, పాదాల సంగతి ఆమెకు తెలుసు. గోడ వెంబడి కంబళి పట్టీ పరిచి, మనవరాలిని దానిమీద ఉత్తి కాళ్ళతో నిలబెట్టి నడిపించేది. పిల్ల గోడ తడుముకుంటూ నడిచేది, గోడ అయిపోతే కూలబడేది.

"ఇక దీనికి బంధం కోయిద్దాం," అంది సైకాల్ ఒకరోజు.

"గోడ వదలదు కదా అత్తయ్యా!"

"బంధం తెగందే ఎలా వదులుతుందే పిచ్చిదానా?"

నడక వచ్చే బిడ్డ కాళ్ళకు నలుపూ తెలుపూ కలిపి పేనిన తాడును బంధంగా కడతారు. ఊరి పిల్లలు పందెం పరుగెత్తి, ముందొచ్చినవారు దాన్ని కోస్తేనే ఆ బిడ్డ బతుకులో తొట్రుపడదని నమ్మకం.

బంధం కోసే రోజు పచ్చికలో ఊరంతా చేరింది. అరూకెను కాళ్ళకు తాడు కట్టి మధ్యలో నిలబెట్టారు. సైకాల్ ఆడపడుచు జూరా గొంతు అందరికంటే ముందే వినిపించింది.

"నడవని పిల్లకి ఈ వేడుకేంటి వదినా? పెళ్ళినాడు రక్తం కలిసిందేమో ఏడు తరాల తాతల పేర్లు సరిగ్గా చూసుకునుంటే ఈ గతి పట్టేదా?"

"ఏడు కాదు, తొమ్మిది చెప్తా విను. మన వంశం, కోడలి వంశం ఎక్కడా కలవలేదు. నీ నోరే అన్ని కొంపల్లోనూ కలుస్తుంది!"

జనం నవ్వారు. జూరా నోరు చెడ్డదే కానీ మనసు మంచిది. పందెం మొదలవగానే, "ష్! గుడ్డిపిల్ల బెదిరిపోతుంది," అని అందరి అరుపులూ ఆపించింది. జాలితో ఊరంతా ఊపిరి బిగబట్టింది. పిల్లలు మునివేళ్ళ మీద రాసాగారు.

అరూకె పెదవులు వణికాయి. పిడికిళ్ళు మళ్ళీ కళ్ళలోకి వెళ్ళాయి. ఎత్తుకోబోయిన బెగాయిమ్ చెయ్యి అత్తగారు గట్టిగా పట్టేసింది.

"చావింటికొచ్చారా మీరంతా?" అని సైకాల్ గర్జించింది. "మీరు నోరు మూస్తే దానికి మీరు లేనట్టే! ఒంటరిగా వదిలేస్తారా బిడ్డని? అరవండి! నేల అదిరేట్టు పరిగెత్తండి!"

అంతే, పచ్చిక దద్దరిల్లింది. పాదాల కింద నేల అదురుతుంటే అరూకె పిడికిళ్ళు విప్పి కిలకిలా నవ్వింది. పందెంలో ముందొచ్చిన పొరుగింటి పిల్ల మీరిమ్ కత్తితో తాడు కోసేసింది.

అక్కడ గోడ లేదు. అరూకె తల అటూ ఇటూ తిప్పి విన్నది. ఒక అడుగు వేసింది, ఊగింది, నిలదొక్కుకుంది. తర్వాత చేతులు చాచుకుని తూలుకుంటూ వెళ్ళి, గొంతు చించుకుని అరుస్తున్న జూరా ఒళ్ళో పడింది.

"నా దగ్గరికే వచ్చింది వదినా!" జూరా భోరుమంది.

"రాదూ మరి? ఊళ్ళో పెద్ద నోరు నీదేగా," అంటూ సైకాల్ తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. ఆమె ఏడవడం బెగాయిమ్ చూడడం అదే మొదటిసారి. వెళ్ళి ఆమె చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది.

అరూకె అప్పటికే ఒళ్ళోంచి జారి, ఇంకెవరు పిలుస్తారా అని చెవి ఒగ్గి నిలబడింది.