ఐదు రోజులకు ఒక ఊరు

మంచు కొండలైతే తెల్లగా ఉంటాయి కదా, తెల్లటిది ఆయన కంటికి బాగా ఆనుతుంది కదా అనుకుంటూ మాధవీలత పెనం మీద నీళ్ళు చల్లింది, చుయ్యిమంది, పొద్దుటి ఆఖరి దోసె, ఎయిర్‌పోర్టులో డ్యూటీ దిగిన లోడర్లు తినేసి వెళ్ళిపోయారు, శంషాబాద్‌లో ఈ టిఫిన్ సెంటర్ పెట్టి ఇరవై రెండేళ్ళు, అప్పుడిక్కడ విమానాల ఊసే లేదు, ఇప్పుడు ఒకటి దిగుతుంటే నెత్తిమీద రేకులు వణుకుతున్నాయి, వచ్చే జనవరిలో అలాంటిదాంట్లోనే తనూ భర్త జగదీశూ ఇటలీకి, నమ్మబుద్ధి కావడం లేదు, కూతురు మనీషా ఎయిర్‌లైన్స్ ఉద్యోగంలో చేరి అమ్మానాన్నలకు తెచ్చిన టికెట్లు, రోమ్ దాకా నేను చూసుకుంట, ఆడికెల్లి ఐదు రోజులకు ఏ ఊరికి పోతరో మీరే చెప్పాలె అమ్మా, ఇయ్యాలనే చెప్పాలె, అంటూ నాలుగు ఊళ్ళ బొమ్మల కాగితాలు పప్పు డబ్బా మీద పెట్టి పోయింది.

నాలుగింట్లో ఒకటి, అదేమన్నా కూరగాయా ఏరుకోవడానికి, జగదీశ్ కళ్ళకు నీటికాసులు, చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది, ఇక రెండేళ్ళో మూడేళ్ళో ఉంటుందన్నాడు డాక్టరు, పోయినేడు మామిడిపల్లి మలుపులో బస్సు నడుపుతుంటే పక్కనుంచి వచ్చిన సైకిల్ మనిషి ఆయనకు కనబడనే లేదు, ఎవరికీ ఏం కాలేదు, అయినా ఆ రోజే బస్సు తాళాలు ఓనరుకిచ్చేసి ఇంటికొచ్చి, కత్తిపీట ముందేసుకుని ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టాడు, అప్పట్నుంచీ అదే పని, వేళ్ళతో తడుముకుంటూ, ఆమె కన్నా సన్నగా కోస్తాడు, అలాంటి మనిషికి ఏం చూపించాలి, వెనిస్‌లో నీళ్ళ మీద ఇళ్ళా, ఫ్లోరెన్స్‌లో గోడల నిండా బొమ్మలా, మంచు కొండలా, తప్పు ఊరు చెబితే మళ్ళీ దిద్దుకోవడానికి ఉండదే అనుకుంటూ ఆ కాగితాలనే మళ్ళీ మళ్ళీ తిరగేసింది.

ఏమయ్యా, మంచు కొండలకు పోదామా అంది చివరికి, నీకు చలి పడదు కదనే అన్నాడు జగదీశ్ తల ఎత్తకుండానే, పోనీ గా నీళ్ళల్ల ఊరికి అంది, ఆడ అన్నీ మెట్లేనట, నీకు మోకాళ్ళ నొప్పులాయె అన్నాడు, నా మోకాళ్ళ ముచ్చట ఎందుకయ్యా, నువ్వేం చూస్తవో చెప్పు, ఇగ మళ్ళ, అని ఆగిపోయింది, మింగేసిన ఆ సగం మాట కూడా ఆయనకు వినబడింది, ఉల్లిగడ్డ పక్కన పెట్టి, గోడల మీది బొమ్మలు నాకేం ఆనుతయి, నాలుగోది ఏందే అన్నాడు మెల్లగా, సిరకూజా అట, సముద్రం ఒడ్డున, చలికాలంల గూడ ఎండ కాస్తదట అంది, ఆడ కూసోనీకి జాగ ఉందా అని అడిగాడు, ఆమె బొమ్మలోకి వంగి చూసింది, రాతిగోడ మీద మనుషులు వరసగా ఎండ కాగుతున్నారు, ఉంది అంది, అయితే గాడికే పోదాం అన్నాడు.

గోడ మీద కూసోనీకి ఇటలీ దాంక పోవాల్నా అని కసిరింది, పొద్దుట్నుంచీ తను పడ్డ బెంగనంతా ఆయన తేలిగ్గా తీసిపారేసినట్టనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, జగదీశ్ ఆమె గొంతు వినబడ్డ వైపుకి మొహం తిప్పాడు, మిగిలిన ఆ కాస్త చూపులో ఆమెను వెతికి నిలుపుకున్నాడు, ఇరవయ్యారేండ్ల సంది చూస్తున్ననే, పొయ్యి కాడ నిలబడుడు, నేను తిన్నంక తినుడు, ఊకెనే ఎండల కూసున్న మాధవి ఎట్లుంటదో నాకు తెల్వనే తెల్వది, జర గది చూడనియ్యి అన్నాడు, అనేసి మళ్ళీ ఉల్లిగడ్డ అందుకున్నాడు.

మనీషాకు ఫోన్ చేసి సిరకూజా అంది, గాడ చూడనీకి ఏముందమ్మా అని కూతురు అడిగితే, పిండి అంటిన ముంజేత్తో మొహం తుడుచుకుంటూ, పెళ్ళిచూపుల్లో కూడా పడనంత సిగ్గుపడింది మాధవీలత, ఆ కళ్ళకు ఏం చూపించాలా అని ఆమె ఇటలీ అంతా గాలిస్తుంటే, ఆ కళ్ళు ఇన్నాళ్ళూ వెతుకుతున్నది ఆమెనే.