నోరొకచోట, చెవొకచోట

సంచి నేనే సర్దాను. ఆ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత నాకెవరూ గుర్తు చేయనక్కర్లేదు.

రెండు లుంగీలు, ఒక తువ్వాలు, టార్చి, పాలిథిన్ కవర్లో చుట్టిన రెండు బ్యాటరీలు, పెరుగన్నం డబ్బా, మాగాయ వేసిన చిన్న డబ్బా, అయిదు రోజులకి సరిపడా బీపీ మాత్రలు. చేతి రేడియోని మాత్రం మా తమ్ముడు మెడలో తగిలించుకున్నాడు.

"పూటలో వచ్చేదానికి అయిదు రోజుల మాత్రలెందుకే అక్కా?"

"వాగు సంగతి నీకు తెలీదా?"

"వాగుకి నా బీపీ సంగతి తెలుసా?" అని నవ్వాడు. "ఇంకా నయం, నీ రోలు కూడా సర్దలేదు."

మా ఆయన మామిడికాయల లారీతో నాగపూర్ వెళ్ళేటప్పుడు సంచి సర్దింది నేనే. మా అమ్మని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు సర్దిందీ నేనే. ఆ రెండు సంచులూ ఇంటికొచ్చాయి, మనుషులు రాలేదు. అప్పటినుంచి ఎవరు గుమ్మం దాటుతున్నా నా చేతులు ఊరుకోవు. అవీ ఇవీ కుక్కుతూనే ఉంటాను.

మా తమ్ముడి పేరు పున్నయ్య. ముసునూరు రోడ్డులో మా తోటలోనే మామిడి అంట్లు కట్టి అమ్మేవాడు. పెళ్ళాం పోయాక నా దగ్గరే ఉన్నాడు. వాడికున్న పిచ్చల్లా రేడియో ఒక్కటే. లైసెన్సు తీసుకుని, సొంత రేడియోతో మనుషులతో మాట్లాడే పిచ్చి. నేను బడికి వెళ్ళలేదు. కాయల పెట్టెల అడుగున పరిచే పాత పేపర్లు చూసి నలభై ఏళ్ళు దాటాక చదవడం నేర్చుకున్నాను. అరవై రెండో ఏట వాడు ప్రశ్నలన్నీ తెలుగులో రాసిపెడితే బట్టీ పట్టి, నేను కూడా ఆ రేడియో పరీక్ష పాసయ్యాను. మా డాబా మీద వెదురు గడకి యాంటెన్నా కట్టాడు. వరదలప్పుడు ఫోన్లు పోతే మా రేడియో సంఘం వాళ్ళమే ఊళ్ళ మధ్య కబుర్లు అందించేవాళ్ళం.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. చేతి రేడియో ఎక్కువ దూరం అందదు. అందుకని గుట్ట మీద ఒక పెట్టె పెట్టారు. మేం మాట్లాడేది కింది నంబరులో, నూట నలభై నాలుగు పాయింటు ఆరు. పెట్టె దాన్ని విని, ఆ క్షణమే పై నంబరులో, నూట నలభై అయిదు పాయింటు రెండులో, గట్టిగా పంపుతుంది. మేమందరం పై నంబరులో వింటాం. అంటే ప్రతివాడి నోరూ ఒకచోట, చెవి ఒకచోట.

"దళారి లాంటిదే అక్కా. రైతు వాడికి చెబుతాడు, వాడు సేటుకి చెబుతాడు," అన్నాడు పున్నయ్య నేర్పేటప్పుడు.

"దళారి లేచిపోతే?"

"రైతూ సేటూ ఎదురెదురుగా కూర్చున్నా బేరం జరగదు. ఇద్దరూ వాడికే చెబుతుంటారు, వాడి నోటినుంచే వినాలని చూస్తుంటారు."

అంటే పెట్టె చచ్చిపోతే, పక్కింట్లో ఉన్న మనిషి అరిచినా నాకు వినపడదు. వాడూ కింద అరుస్తాడు, నేనూ కింద అరుస్తాను. ఇద్దరి చెవులూ పైన ఉంటాయి. దీనికి విరుగుడు రేడియోలోనే ఉంది. తిరగేసే మీట. నొక్కితే నోరూ చెవీ చోట్లు మార్చుకుంటాయి. ఒక్కరు నొక్కితే చాలు, నేరుగా మాట్లాడుకోవచ్చు.

జూలై మొదట్లో మండలం ఆఫీసువాళ్ళ ముందు సంఘం తరఫున ఒక రిహార్సల్ జరిగింది. అక్కడ నేనా మీట నొక్కాను. పక్క తోట కౌలుకి చేసే శౌరి తమ్ముడి రేడియోలో పలికిన మాట పెట్టెతో పని లేకుండా నేరుగా వినపడింది. సంతోషంలో మళ్ళీ నొక్కడం మరిచిపోయాను. దాంతో నేను మాట్లాడినప్పుడల్లా పెట్టె మాట మీద నా మాట పడి, అరగంటసేపు అంతా గోలగోల అయింది. ఆఫీసరు నవ్వాడు. మా సంఘం కార్యదర్శి కిషోర్ బాబు మొహం ఎర్రబడింది. నూజివీడులో పెద్ద కాయల షాపు ఆయనది. నలుగురిలో నవ్వులపాలవడం ఆయనకి అలవాటు లేదు.

మర్నాడే ఆరు రేడియోలూ తెప్పించుకుని, నొక్కి మాట్లాడే మీట తప్ప మిగతా మీటలన్నీ పనిచేయకుండా లాక్ చేశాడు. లాక్ తీసే మీట మీద ఎర్ర టేపు అంటించాడు.

"మరి పెట్టె ఆగిపోతే, కిషోర్ బాబు గారూ?" అని అడిగాను.

"ఆగదు పెద్దమ్మా. బ్యాటరీ ఉంది."

"ఆగితేనండీ?"

"ఆగితే వస్తుంది. మీరు చానెల్ వదలకుండా కూర్చోండి. అందరూ ఆ మీట నొక్కితే మళ్ళీ అందరి నోరూ చెవీ వేరైపోతాయి. మీకు తెలీదా?"

అది నిజమే. ఇద్దరూ నొక్కితే మొదటికొస్తుంది. "అయితే ఎవరు నొక్కాలో ముందే చెప్పండి. ఇంటి దగ్గర కూర్చున్నవాళ్ళు నొక్కాలి, బయటికి వెళ్ళినవాళ్ళు నొక్కకూడదు. అంతే కదా," అన్నాను.

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. "పెద్దమ్మని ప్రెసిడెంటు చేసేద్దామండీ," అన్నాడొకడు. నా తమ్ముడు కూడా చిన్నగా నవ్వి, "ఊరుకో అక్కా, ఆయన చెప్పినట్టే చేద్దాం," అన్నాడు. వాడికి నాకంటే వందరెట్లు ఎక్కువ తెలుసు. అయినా అన్నాడు. ఆ మాటకి వాడి మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో వాళ్ళు ఎదురుగా లేకపోవడం ఎంత కష్టమో మీకు తెలుసా?

కిషోర్ బాబు ఇంకో నిబంధన కూడా రాశాడు. బయటికి వెళ్ళినవాడికి గంటసేపు ఏ మాటా అందకపోతే అక్కడ ఉండకూడదు, వెనక్కి బయల్దేరాలి.

నాలుగు రోజులు ముసురు పట్టింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. గురువారం పొద్దున అవసరాలు కనుక్కుని చెప్పమని సంఘంవాళ్ళు వాగు అవతల ఊరికి పున్నయ్యని పంపారు. వాగు దాటే రాళ్ళ చప్టా మీద అప్పటికి చీలమండ లోతు నీళ్ళే. బండి మీద వెళ్ళాడు. నేను ఇంటి దగ్గర రేడియో ముందు కూర్చున్నాను.

పదకొండింటికి మాట్లాడాడు. ఎవరికి ఇన్సులిన్ కావాలో, ఎన్ని పాల ప్యాకెట్లు కావాలో చెప్పాడు. రెండున్నరకి మళ్ళీ మాట్లాడాడు. "మాగాయ ఇక్కడివాళ్ళు లాగేసుకున్నారక్కా. వరద బాధితులకి సాయం కింద రాసుకో," అన్నాడు.

నాలుగింటికి పదినిమిషాల ముందు రేడియోలో ఆ సన్నటి చప్పుడు ఆగిపోయింది. పెట్టె బతికి ఉన్నప్పుడు మాట్లాడే మీట నొక్కి వదిలితే చివర చిన్న తోక లాంటి చప్పుడొస్తుంది. అది లేదు. గుట్ట మీద బ్యాటరీ అయిపోయింది.

నాలుగూ పదికి శౌరి తడిసి ముద్దై వచ్చాడు. "పిన్నీ, ఎగువ చెరువు కట్ట తెగింది. గంటలో నీళ్ళు చప్టా మీదికొస్తాయి. పున్నయ్య మావని అక్కడే ఉండమని చెప్పు. ఆ ఊరు మెరక మీదుంది, భయం లేదు. దాటాడంటే మాత్రం..."

"పెట్టె పలకట్లేదురా."

"నేను చప్టా దగ్గరికి పోతా. నువ్వు పిలుస్తూ ఉండు."

శౌరి బండి తోట గట్టు దిగకముందే బురదలో కూరుకుపోయింది. దాన్ని అక్కడే వదిలేసి నడక అందుకున్నాడు. నాలుగు కిలోమీటర్లు, మోకాటి లోతు బురద.

నేను పిలిచాను. "పున్నయ్యా, చప్టా దాటొద్దు. కట్ట తెగింది. అక్కడే ఉండు." మాట్లాడే మీట వదిలి విన్నాను. ఏమీ లేదు. మళ్ళీ పిలిచాను. గోడ గడియారం నాలుగూ ఇరవై, నాలుగున్నర. మూడు యాభైకి పెట్టె ఆగింది. గంటంటే నాలుగూ యాభై. వాడు గడియారం చూసుకునే మనిషి. ఎవరి మాటా వినపడక అక్కడ కూర్చుని, నిబంధన ప్రకారం నిమిషాలు లెక్కపెడుతున్నాడు. ఆ నిశ్శబ్దమే వాడిని లేపి చప్టా మీదికి పంపబోతోంది. నాకు తెలుసు. తెలిసి కూడా కింది నంబరులోకి అరుస్తూ, పై నంబరులో చెవి పెట్టుకుని కూర్చున్నాను.

టేపు నా బొటనవేలి కింద ఉంది. ఎర్రది. అంచు కొంచెం లేచి ఉంది కూడా.

ఎందుకు పీకలేదు? నలభై నిమిషాలు ఎందుకు కూర్చున్నాను? చెబుతాను. రిహార్సల్లో అంతా పాడుచేసిన ముసలిది అన్నారు కాబట్టి. ఒకవేళ వాడు అక్కడ నొక్కి ఉంటే, నేనూ నొక్కితే, దొరికేది కూడా చెడిపోతుందేమోనని. ఎవరు నొక్కాలో ఎవరూ తేల్చలేదు కాబట్టి. చానెల్ వదలొద్దన్నారు కాబట్టి. పెట్టె వస్తుందన్నారు కాబట్టి. ఇంకో అయిదు నిమిషాలు చూద్దాం, ఇంకో అయిదు నిమిషాలు చూద్దాం అని.

నాలుగూ యాభై ఒకటికి గోటితో టేపు పీకాను. లాక్ తీశాను. తిరగేసే మీట నొక్కాను.

వెంటనే వాడి గొంతు. పక్క గదిలో ఉన్నట్టు.

"...గంట దాటింది. నేను పిలుస్తూనే ఉన్నాను, ఎవరూ పలకట్లేదు. వినపడితే విను అక్కా, బయల్దేరుతున్నాను. రేడియో సంచిలో పెట్టేస్తున్నా, వాన ఎక్కువగా ఉంది."

"పున్నయ్యా! దాటొద్దు! ఒరే, దాటొద్దురా!"

మాట్లాడే మీట వదిలాను. గాలి చప్పుడు.

అంటే ఆ గంటసేపూ వాడు పిలుస్తూనే ఉన్నాడు. నేను పిలుస్తూనే ఉన్నాను. ఒకే నంబరులో ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. ఇద్దరిలో ఏ ఒక్కరు ఒక్క మీట నొక్కినా సరిపోయేది. వాడెందుకు నొక్కలేదు? కిషోర్ బాబుకి మాట ఇచ్చాడు కాబట్టి. మాట మీద నిలబడే మనుషులంటే నాకు అసహ్యం పుట్టింది ఆ రోజు.

చీకటిపడేదాకా పిలిచాను. శౌరి అయిదూ ఇరవైకి చప్టా చేరాడట. చప్టా కనపడలేదు, రాళ్ళు కనపడలేదు, ఎర్రటి నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. అవతలి ఊరివాళ్ళు ఆగమన్నారట. "రూలండీ, వెళ్ళాలి," అన్నాడట మా వాడు. రెండు రోజులకి బండి దొరికింది, మైలున్నర దిగువన తుమ్మచెట్టుకి చుట్టుకుని. బండి మాత్రమే.

పన్నెండు రోజులకి కిషోర్ బాబు మా ఇంటికొచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం. శౌరి కూడా అక్కడే ఉన్నాడు.

"రిపోర్టు పంపాలి పెద్దమ్మా. ఆ రోజు ఇంటి దగ్గర స్టేషన్ మీది కాబట్టి మీ సంతకం కావాలి. పున్నయ్య గారి పేరు మీద ఏటా ఒక షీల్డు కూడా ఇద్దామని తీర్మానం చేశాం."

కాగితం తీసుకుని మెల్లగా చదివాను. నేను మెల్లగానే చదువుతాను. ప్రకృతి వైపరీత్యం వల్ల గుట్ట మీద పరికరం నిలిచిపోయిందని ఉంది. సభ్యుడు ధైర్యంగా విధి నిర్వర్తించాడని ఉంది.

"టేపు సంగతేదీ?"

"ఏ టేపు?"

"నువ్వు అంటించిన టేపు."

నా జన్మలో ఆయన్ని నువ్వు అనలేదు. ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. "పెద్దమ్మా, బాధలో ఉన్నారు. అర్థం చేసుకోగలను. కానీ టేపంటే టేపే కదండీ. ఇనప గొలుసు కాదు. మీరు ముందే పీకి ఉండొచ్చు. ఎవరు ఆపారు?"

శౌరి లేచాడు. "బయటికి నడవండి ముందు."

"కూర్చో శౌరీ. ఆయన అడిగింది నిజమే." కిషోర్ బాబు వైపు తిరిగాను. "నేను పీకి ఉండొచ్చు. పీకలేదు. అది రాయి, కిషోర్ బాబూ. నలభై నిమిషాలు భయపడి కూర్చుందని రాయి. ఎందుకు భయపడిందో కూడా రాయి. ఎవరు నొక్కాలో చెప్పమని నీ షాపులో అడిగితే నవ్వారని రాయి. ఏ మాటా వినపడకపోతే లేచి రావాలని రాసిన నిబంధన నీదేనని రాయి. ఇవి రాస్తే సంతకం పెడతాను."

"ఇవన్నీ రిపోర్టులో రాసేవి కాదండీ."

"అయితే ఆ షీల్డు నీ షాపులోనే పెట్టుకో. వచ్చేపోయేవాళ్ళు చూస్తారు."

"మిగతా సభ్యులకి మంచిది కాదు పెద్దమ్మా. రేపు ఎవరు ముందుకొస్తారు?"

"ఎవరూ రావద్దు! ఆ మీట ఎవరు నొక్కాలో తేల్చకుండా ఇంకొకడిని వాగు దాటించావంటే నీ షాపు ముందు కూర్చుంటాను. నూజివీడులో కాయలు దించే ప్రతి రైతుకీ చెబుతాను. నాకు వేరే పనేం లేదు ఇప్పుడు. సంచులు సర్దే పని కూడా లేదు."

ఆయన వెళ్ళిపోయాడు. కాగితం బల్ల మీద మర్చిపోయాడో, కావాలని వదిలేశాడో తెలీదు. నేను దాన్ని వెనక్కి తిప్పి, శౌరి పెన్ను అడిగి తీసుకున్నాను. పెట్టె ఎన్నింటికి ఆగిందో రాశాను. టేపు రాశాను. నేను కూర్చున్న నలభై నిమిషాలూ రాశాను. ఇంటి దగ్గరివాళ్ళే నొక్కాలి, వెళ్ళినవాళ్ళు నొక్కకూడదు అని పెద్ద అక్షరాలతో రాశాను. సంతకం పెట్టాను. మిగతా సభ్యులందరికీ దాని నకళ్ళు శౌరి చేత పంపించాను.

అందులో చివరి వాక్యం ఇది. పున్నయ్య, వయసు యాభై ఎనిమిది, 2023 జూలై 27 గురువారం సాయంత్రం అయిదు గంటలకి వాగు అవతలి ఊరినుంచి ఇంటికి బయల్దేరాడు, తిరిగి రాలేదు.