తాడు అవతల బూన్ లియాన్

అత్తగారింట్లోకి అడుగుపెట్టడానికి గెక్ నియో టికెట్ కొనుక్కోవలసి వచ్చింది. కడుపు మండిపోయింది. కొత్త కోడలిగా వచ్చిననాడు ఈ గుమ్మంలో ఎండుచేపల బుట్టలుండేవి. ఇప్పుడు పట్టుగౌను కింద ఆటబూట్లు తొడుక్కున్న పిల్ల ఒకతి విసనకర్ర ఊపుతూ నిలబడింది. అదట సంస్కృతి!

నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఆ పాత చైనా వీధిని చూడవచ్చేవాళ్ల కోసం ఇలా తయారుచేసినవాడు ఆమె బావగారి కొడుకు చూన్ కియాట్. వీధి పొడుగునా ప్లాస్టిక్ లాంతర్లు కట్టించాడు. చేపల కంపు పోగొట్టి ఏదో సెంటు కొట్టించాడు. అత్తగారి తిరగలిలో పూలమొక్క నాటించాడు. ఆ తిరగలి తిప్పీ తిప్పీ గెక్ నియో భుజాలు పడిపోయాయి, పిండి మెత్తగా ఉందని ఆ మహాతల్లి ఒక్కనాడూ అనలేదు. ఇప్పుడు దాన్ని కౌగిలించుకుని జనం ఫోటోలు దిగుతున్నారు. పనీపాటా లేని జనం.

ఆమె వచ్చింది ఈ వేషాలు చూడటానికి కాదు, మొగుణ్ణి తీసుకెళ్లడానికి. ఆ మొగుడు బూన్ లియాన్ పోయాక ఎండుచేపల కొట్టు మూసేశారు, పిల్లాజెల్లా లేని గెక్ నియో ఇపో పట్నంలో అక్క పంచన చేరింది. పరాయి వంశంలో పోయినవాణ్ణి అక్క అత్తవారి పూజాపీఠం మీద పెట్టనిస్తారా? బూన్ లియాన్ ఆత్మఫలకం, అదే, ఆయన పేరు చెక్కిన, ఆయన ఆత్మ నిలిచే చెక్కపలక, ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు అక్క కూడా పోయింది. గెక్ నియో ఒక గది అద్దెకు తీసుకుని, గోడకు పీఠం కొట్టించి, ఫలకాన్ని చుట్టడానికి ఎర్రగుడ్డ తెచ్చుకుంది.

లోపల అత్తవారి పూజాపీఠం ముందు, జనం దగ్గరికి పోకుండా తాడు కట్టి ఉంది. తాడు దాటి వెళ్లింది. విసనకర్ర పిల్ల ఏదో అనబోతే ఒక్క చూపు చూసింది, అంతే. అగరుబత్తి వెలిగించి, ఫలకానికి మోకరిల్లి, నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలు చేతిలోకి తీసుకుంది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే పోయినవాళ్లు సరేనన్నట్టు.

"మనింటికి వస్తావా?" అని అడిగి వేసింది.

రెండూ బోర్లా పడ్డాయి. రానన్నాడు. మళ్లీ వేసింది. రెండూ వెల్లకిలా పడ్డాయి, అంటే నవ్వుతున్నాడు. ఐస్‌క్రీములు చీకుతున్న జనం చుట్టూ మూగారు. ఆమె బతిమాలింది, తిట్టింది, ఆఖరికి ఏడ్చింది. మళ్లీ బోర్లా.

అప్పుడు చూన్ కియాట్ పరుగున వచ్చాడు. సొంత బాబాయిని బజారుకెక్కించినందుకు ఆమె వాణ్ణి నలుగురిలోనూ కడిగేసింది. వాడు ఫలకాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు. దూదిలా తేలిగ్గా ఉంది.

"ఇది ఉత్త బొమ్మ, పిన్నీ. బాబాయి ఇందులో లేడు," అన్నాడు మెల్లగా. "వీళ్లందరి ముందూ ఆయన్ని నిలబెడతాననుకున్నావా?"

గెక్ నియోకి తల తీసేసినట్టయింది. ఇంతసేపూ బొమ్మకు మొక్కింది, బొమ్మతో కాపురం సంగతులు మాట్లాడింది.

వాడి ఇల్లు వెనక సందులోనే ఉంది. మేడమీద గదిలో, పొగకు నల్లబడిన అసలు ఫలకం. ముందు ఒక కప్పు. మిగతా పెద్దల ఫలకాల ముందు టీ పోశారు గానీ, ఆ కప్పులో మాత్రం డబ్బాపాలు చిక్కగా కలిపిన కాఫీ ఉంది. బూన్ లియాన్ జన్మలో టీ ముట్టలేదు. ఆమె వేలు ఆనించి చూసింది. వేడిగానే ఉంది. రోజూ పొద్దునా సాయంత్రం తన భార్యే పెడుతుందని చూన్ కియాట్ చెప్పాడు.

తప్పు పట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఆమె గదంతా కలయజూసింది.

"పరదా దరిద్రంగా ఉంది," అంది.

వాడు ఫలకం వైపు చేయి చూపి, తీసుకెళ్లమన్నాడు. ఆమె ఎర్రగుడ్డ మడత విప్పబోయి ఆగింది. అద్దెగది గుర్తొచ్చింది. రేపు తనూ పోతే అక్కడ ఈయనకు కాఫీ ఎవరు పెడతారు? చెక్కముక్కలు తీసుకుంది.

"ఇక్కడే ఉంటావా?"

ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మొదటిసారికే.

"ఒక్కసారైనా కాదనొచ్చుగా, మహానుభావా," అంటూ గెక్ నియో ఎర్రగుడ్డతో కళ్లు తుడుచుకుంది.