కుడి బ్రేకు అన్నది, ఎడమ బ్రేకు తమ్మునిది

పంపకాల్లో సుదర్శన్‌కు పికప్ బండి ఎడమ సగం వచ్చింది.

అన్నదమ్ములు వేరుపడితే చేను పంచుకుంటారు, ఇంటి నడుమ గోడ పెట్టుకుంటారు, బర్రెలుంటే చెరొకటి తోలుకుపోతారు. పికప్‌ను పంచుకున్నవాళ్ళు మాత్రం పెద్దమందడి చుట్టుపక్కల అంతకుముందు ఎవరూ లేరు. అమ్మేద్దామంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. ఒక్కరు ఉంచుకోండంటే ఆ ఒక్కరూ తానేనని ఇద్దరూ పట్టుబట్టారు. "వాడు నడుపుకుంట పోతుంటే నేను చూస్కుంట కూసోవాల్నా?" అని అన్న మద్దిలేటి అడిగాడు. సుదర్శన్ కూడా అక్షరం పొల్లుపోకుండా అదే అడిగాడు. వినీ వినీ పెద్దమనిషి మాసయ్యకు విసుగు పుట్టింది. బడి గోడలకు వేయగా మిగిలిన తెల్లరంగు డబ్బా తెప్పించి, బానెట్ ముక్కు దగ్గర మొదలుపెట్టి వెనక డాలా తలుపు దాకా బండి నడిమధ్యన గీత గీయించాడు.

"కుడి అన్నది, ఎడమ తమ్మునిది. ఇగ లేవుండ్రి" అన్నాడు.

వేరుపడడానికి కారణం కూడా పెద్దదేమీ కాదు. తిమ్మాజిపేటలో మేనత్త ఇంట్లో దావత్ జరిగినప్పుడు మూలుగ నిండిన నల్లి బొక్క సుదర్శన్ విస్తరిలో పడింది, మద్దిలేటి విస్తరిలో పడలేదు. "పెద్దోణ్ణి పక్కన కూసుంటే, అడగకుంటనే ఎట్ల జుర్రినవ్‌రా?" అని అన్న అన్నాడు. "ఇస్తర్ల పడ్డది పారేస్తరా?" అని తమ్ముడు అన్నాడు. ఆ మాట పెరిగి పెరిగి ఇంటికొచ్చింది, చేనుకొచ్చింది, చివరికి బండికొచ్చింది. ఏడాది నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

కుడి సగంతో పాటు స్టీరింగు, హారను, తొక్కుడు పెడళ్ళు అన్నీ మద్దిలేటికి పోయాయి. సుదర్శన్‌కు దక్కినవి ఒక తలుపు, ఒక అద్దం, ఒక ఇండికేటరు. అయితే దేవుడు దయగలవాడు, డీజిల్ ట్యాంకు మూత ఎడమవైపు ఉంది. దాని తాళం సుదర్శన్ తన మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ తాళం లేనిదే డీజిల్ పడదు, అన్న లేనిదే బండి కదలదు. అందుకని మాటల్లేని అన్నదమ్ములిద్దరూ పంట దినాల్లో ఒకే సీటు మీద, చెరొక కిటికీలోకి చూస్తూ, వనపర్తి మార్కెట్‌కు పోయివచ్చేవాళ్ళు. పాటలపెట్టె కుడి స్పీకరు పాడైపోయినప్పటి నుంచి మద్దిలేటి కష్టం చెప్పనలవి కాదు. తమ్ముని స్పీకరులో వచ్చే పాట తన చెవిన పడకూడదని తల బయటపెట్టి బండి నడిపేవాడు.

సుదర్శన్ ప్రతి శుక్రవారం తన సగం కడిగేవాడు. గీత దగ్గరికి రాగానే బట్ట పిండేసేవాడు. ఎడమ నుంచి చూస్తే అది షోరూం బండి, కుడి నుంచి చూస్తే తుక్కు సామాను.

"నీ సగం మెరుస్తుంది గని, రేపు ఏదన్న అయితే మొత్తం బండి పోతది" అని భార్య అర్చన ఒకసారి అంది. "నా సగానికి ఏమైతది?" అని సుదర్శన్ నవ్వాడు.

అయింది. పల్లికాయ బస్తాలు వేసుకుని పోతుంటే, ఊరు దాటకముందే ఒక బర్రె రోడ్డుకు అడ్డం వచ్చి నిలబడింది. మద్దిలేటి బ్రేకు గట్టిగా తొక్కాడు. బండి ఆగాల్సింది పోయి, ఎవరో ముక్కుతాడు పట్టి గుంజినట్టు ఎడమకు తిరిగి, బాట పక్కన ఉన్న పెంటకుప్పలోకి దూసుకుపోయింది. ఎడమ అద్దం పగిలింది. కిటికీ తెరిచి ఉండడంతో సుదర్శన్ ఒళ్ళో బుట్టెడు పెంట పడింది. కుడివైపు మద్దిలేటి చొక్కా మడత నలగలేదు.

మద్దిలేటి దిగి, తమ్మునితో మాటల్లేవు కాబట్టి, బర్రెతో అన్నాడు. "సూసినవా! ఆయన దిక్కు బ్రేకు ఎట్ల గుంజిందో సూసినవా!"

సుదర్శన్ పెంట దులుపుకుంటూ అదే బర్రెతో అన్నాడు. "నా దిక్కు బ్రేకు పట్టింది. పట్టంది ఎవరిదో అడుగు."

బర్రె ఎవరినీ ఏమీ అడగకుండా దాటిపోయింది.

సాయంత్రం పంచాయతీ కూర్చుంది. మద్దిలేటి వాదన ఇది: తన బ్రేకు మెల్లగా, మర్యాదగా ఉంది, ఎడమది ఎగబడి పట్టడం వల్లే బండి తిరిగింది, తప్పు పట్టినదానిది. సుదర్శన్ వాదన ఇది: బ్రేకు అన్నాక పట్టడమే దాని ధర్మం, తప్పు పట్టనిదానిది. ఊరు రెండుగా చీలింది. మద్దిలేటి భార్య తిరుపతమ్మ, అర్చన మాత్రం ఒకే గట్టు మీద పక్కపక్కన కూర్చుని పల్లికాయ ఒలుస్తూ, మొగుళ్ళిద్దరినీ ఒకే చూపు చూస్తున్నారు. బీడీ అయిపోయేదాకా ఆలోచించి మాసయ్య తీర్పు చెప్పాడు.

"రెండు బ్రేకులు సమానం గావాలె. బాగుజేస్తే రెండు బాగుజేయుండ్రి. లేదంటే రెండు ఖరాబు జేయుండ్రి. నాకైతే ఏదైనా ఒకటే."

"ఖరాబు జేసుడే అల్కగ అయితది" అన్నాడు మద్దిలేటి, ఎడమ చక్రం వైపు చూస్తూ.

ఆ రాత్రి సుదర్శన్ తన చక్రం పక్కనే మంచం వేసుకుని పడుకున్నాడు. తెల్లవారగానే బండి నత్తనడకన వనపర్తికి కదిలింది.

పెబ్బేరు రోడ్డు మీద ప్రభుదాసు మెకానిక్ షెడ్డు. అతని పనోడు పెళ్ళికి పోయాడు. ప్రభుదాసు ఒక్కడే బండి కింద దూరి చూసి ఆశ్చర్యపోయాడు. "ఏందన్నా, ఎన్క గూడ డిస్కు బ్రేకులే ఉన్నయి. మన దిక్కు పికప్‌లకు ఎన్క డ్రమ్ములుంటయి గద?"

"మేం కొనకముందు ఎవరో ముచ్చటపడి మార్పిచ్చిండట" అన్నారు అన్నదమ్ములు ఇద్దరూ ఒకేసారి. అన్నాక ఇద్దరికీ ఇబ్బందయింది.

మొదట వెనక కుడి చక్రం విప్పారు. డిస్కును అటూ ఇటూ పట్టి నొక్కే ఇనుప పిడికిలి ఒకటుంటుంది, కాలిపర్ అంటారు. దాని లోపల పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పైన ఉండాల్సిన రబ్బరు తొడుగు చినిగి, లోపల బురద ఎండి గట్టిపడింది. బ్రేకు తొక్కితే అది కదలనే కదలడం లేదు. సుదర్శన్ ఆకాశం వైపు చూస్తూ ఈల వేశాడు.

"జతకు జత చెయ్యాలన్నా. ఎడమది గూడ ఇప్పుదాం" అన్నాడు ప్రభుదాసు.

"నాది మంచిగున్నది. ఇప్పనియ్య."

"సమానం అన్నడు మాసయ్య" అని మద్దిలేటి షెడ్డు స్తంభానికి గుర్తుచేశాడు.

ఎడమ చక్రం విప్పితే డిస్కు నీలంగా కమిలిపోయి ఉంది. ప్యాడ్లు ఇనుము దాకా అరిగిపోయాయి. ప్రభుదాసు వేలితో నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది పట్టుడు గాదన్నా. ఎప్పుడో ఒకసారి పట్టి, మళ్ల వదల్లే. రాసుకుంటనే తిరుగుతున్నది. గది పట్టది, గిది వదలది. నువ్వు ఇన్ని దినాలు సల్లగ ఎట్ల కూసున్నవో!"

సుదర్శన్ ఈల ఆగిపోయింది. పోయిన చలికాలం బండి ఆగినప్పుడల్లా తన చక్రం దగ్గర కూర్చుని చేతులు కాచుకున్నది గుర్తొచ్చింది. అది తన సగంలో ఉన్న మహిమ అనుకున్నాడు. తిరుపతి లడ్డూ పంచినట్టు పదిమందికి చెప్పుకున్నాడు కూడా.

కాలిపర్లు రెండూ ఊడదీసి బల్ల మీద పెట్టారు. పిస్టన్ బయటికి రావాలంటే ఆయిల్ పోయే రంధ్రంలోంచి గాలి కొట్టాలి. ఎదురుగా చెక్క ముక్క అడ్డం పెట్టి ప్రభుదాసు గాలి కొడితే ఎడమది కాసేపు గునిసి బయటికొచ్చింది. కుడిది రాలేదు. నూనె పోశాడు, సుత్తితో తట్టాడు, మళ్ళీ గాలి కొట్టాడు. ఊహూఁ. మద్దిలేటి ముఖంలో గర్వం కనిపించింది. "నాది అంత అల్కగ రాదు" అన్నాడు స్తంభంతో. ఆ మాట పూర్తికాకముందే తుపాకి పేలినట్టు ఢామ్మని పిస్టన్ వచ్చి చెక్కకు కొట్టుకుంది. కళ్ళు తెరిచేసరికి అన్నదమ్ములిద్దరూ ఒకే టైరు వెనక, ఒకరి భుజం ఒకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు. వెంటనే విడిపోయి ఎవరి సగం వైపు వాళ్ళు నడిచారు.

ప్రభుదాసు తుప్పు గీకి, సన్న గరుకు కాగితంతో రుద్ది, బ్రేకు ఆయిల్‌తో కడిగాడు. కొత్త రబ్బరు రింగులు, తొడుగులు, ప్యాడ్లు అన్నీ జతలుగా ఉన్నాయి. గ్రీజు పొట్లం మాత్రం ఒక్కటే వచ్చింది. ఇద్దరూ ఆ పొట్లం వైపు చూసిన చూపుకు ప్రభుదాసుకు చెమట పట్టింది. పొట్లం చింపి, ఒక బొటనవేలికి సగం, రెండో బొటనవేలికి సగం పూసుకుని, రెండు వేళ్ళూ పక్కపక్కన పెట్టి చూపించి, ఇద్దరూ తల ఊపాక గాని పని మొదలుపెట్టలేదు.

అసలు కష్టం బిగించాక వచ్చింది. గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిప్పల్ అనే చిన్న మర వదులు చేసి ఆయిల్‌తో పాటు గాలిని బయటికి పంపాలి, నిప్పల్ బిగించాక గాని కాలు ఎత్తకూడదు. పెడల్ మద్దిలేటిది. కాబట్టి స్పానరు సుదర్శన్ చేతికి వచ్చింది. ప్రభుదాసు నడుమ నిలబడ్డాడు.

"తొక్కమని చెప్పు" అన్నాడు సుదర్శన్ కింది నుంచి.

"తొక్కమంటుండన్నా."

"తొక్కిన్నని చెప్పు."

"తొక్కిండట."

సుదర్శన్ వదులు చేశాడు. బుడగలు వచ్చాయి. "పట్టే ఉండుమను, బిగిస్తున్న" అన్నాడు. ఆ మాట ప్రభుదాసు నోట చేరేలోపు మద్దిలేటి కాలు ఎత్తేశాడు. పోయిన గాలంతా బుస్సుమని మళ్ళీ లోపలికి వచ్చింది. మళ్ళీ తొక్కారు. మళ్ళీ వచ్చింది. ఎండ నెత్తి మీదికెక్కింది. ప్రభుదాసు గొంతు పోయింది. ఆయిల్ డబ్బా నిండుగా పోసి, చేతులు తుడుచుకున్నాడు.

"నేను చాయ్ తాగొస్త. మీరు మీరే చెప్పుకుంటరో, బండితోని చెప్పుకుంటరో, మీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

సుదర్శన్ చక్రం వెనక పడుకుని స్పానరు నిప్పల్‌కు తగిలించాడు. తర్వాత టైరుతో అన్నాడు, "తొక్కాలె."

పైన సీటు కిర్రుమంది. "తొక్కిన" అని స్టీరింగుతో చెప్పిన మాట వినిపించింది.

"పట్టే ఉండాలె."

"పట్టే ఉన్న."

"బిగిచ్చిన. వదులు."

"వదిలిన."

బుడగలు తగ్గుతూ వచ్చాయి. తొక్కు, పట్టు, వదులు. ఏడాది కాలంలో అన్నదమ్ములు ఆడుకున్న మాటలు ఆ మూడే. ఎడమది అయిపోయాక సుదర్శన్ పాక్కుంటూ బండి కింద నుంచి కుడి చక్రం దగ్గరికి వెళ్ళాడు. అన్న సగంలోకి అతను అడుగుపెట్టడం, అడుగు కాదు గాని మోచేతులు, పంపకాల తర్వాత అదే మొదటిసారి. మద్దిలేటి కిటికీలోంచి కిందికి చూశాడు. తన చక్రం పక్కన తమ్ముని కాళ్ళు కనిపించాయి.

"అక్కడ నిప్పల్ జర గట్టిగుంటది. సెయ్యి జారితే దెబ్బ తాకుతది" అన్నాడు. ఎవరితో అన్నాడో ఈసారి స్టీరింగుకు కూడా అర్థం కాలేదు.

"సూస్కుంట" అంది కింద నుంచి గొంతు.

చాయ్ తాగి వచ్చిన ప్రభుదాసు పెడల్ తొక్కి చూశాడు. రాయిలా ఉంది.

సాయంత్రం ఊరి బయట మట్టిబాట మీద మాసయ్య చేతికర్ర పట్టుకుని, వెనక సగం ఊరిని నిలబెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. సమానం అయ్యాయో లేదో తేల్చడం ఆయన బాధ్యత. ఆయన చెప్పినట్టు మద్దిలేటి బండిని దూరం నుంచి ఉరికించుకుంటూ వచ్చి ఒక్కసారిగా తొక్కాడు. బండి గీత గీసినట్టు తిన్నగా వచ్చి ఆగింది. దుమ్ము అణగాక చూస్తే వెనక చక్రాల జారుడు గుర్తులు రెండు మట్టిలో పడి ఉన్నాయి. మాసయ్య వంగి ఒకదాన్ని కర్రతో కొలిచాడు, రెండోదాన్ని కొలిచాడు, మళ్ళీ మొదటిదాన్ని కొలిచాడు.

"కుడిది నాలుగు వేళ్ల మందం పొడుగున్నది" అన్నాడు.

జనం గుసగుసలాడారు. సుదర్శన్ తల పట్టుకున్నాడు. మళ్ళీ పంచాయతీ, మళ్ళీ షెడ్డు, మళ్ళీ గ్రీజు పొట్లం. మద్దిలేటి దిగి వచ్చి రెండు గుర్తులనూ తేరిపార చూసి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"పెద్దోణ్ణి గద మామా. నాది జర పొడుగే ఉంటది."

సుదర్శన్‌కు నవ్వు ఆగలేదు. ఆపుకుందామని నోరు మూస్తే ముక్కులోంచి వచ్చింది. మద్దిలేటి అటు తిరిగి మీసం సవరించుకున్నాడు గాని, ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నవ్వుడు గాదు! సమానం గాలే" అని మాసయ్యకు కోపం వచ్చింది. "రేపు మళ్ల కూసుందాం."

"నువ్వు కూసో మామా" అన్నాడు సుదర్శన్. "మాకు పల్లికాయ ఏసుకునేదున్నది."

'మాకు' అన్న మాట తన నోట్లోంచే వచ్చిందని బండి ఎక్కి తలుపు వేసుకున్నాక గాని అతనికి తెలియలేదు.

మర్నాడు పొద్దున బస్తాలు ఎత్తుకుని బయల్దేరారు. పెద్దమందడి దాటాక మద్దిలేటి రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, "తిన్నవా?" అన్నాడు.

సుదర్శన్ కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"తినలే" అన్నాడు.

మద్దిలేటి రోడ్డు పక్కన హోటల్ ముందు బండి ఆపాడు. పూరీలు తిన్నారు, చాయ్ తాగారు. చాయ్‌లో చక్కెర దండిగా పడిందని మద్దిలేటి అన్నాడు, చప్పగా ఉందని సుదర్శన్ అన్నాడు. "నీ నాలికె ఖరాబైందిరా" అన్నాడు అన్న. "నీ నాలికె ఎన్నడు మంచిగుండె?" అన్నాడు తమ్ముడు. స్తంభం లేదు, బర్రె లేదు, నడుమ ఎవరూ లేరు. వనపర్తి మార్కెట్ గేటు దాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, గొంతు చించుకుని కొట్లాడుకుంటూనే పోయారు.